రొయ్యలకు పద్యం

మా చెరువు రొయ్యలు విన్నన్ని పద్యాలు గుడివాడ జనం కూడా విని ఉండరు. కృత్తివెన్నులో మా చెరువుకి కాపలా ఉన్నాయన ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. నాటకాలు పోయి ఏళ్ళయినా, రోజూ తెల్లారగానే గట్టు మీద నిలబడి, కుడిచెయ్యి చాచి ఒక పద్యం పాడేవాడు. చివరి రాగం ఊపిరున్నంతసేపూ లాగి నా వంక చూసేవాడు. ఏడో తరగతిలో బడి మానేసి మేత బస్తాలు మోసే నాకు రాగాలేం తెలుసు? అయినా రొయ్యల తరఫున "వన్స్ మోర్" అని అరిచేవాణ్ణి.

"రేపు," అనేవాడు.

"ఎవరు వింటారని మావయ్యా, రోజూ ఈ గోల?"

"నువ్వు పళ్ళు తోముకునేది ఎవరు చూస్తారనిరా?"

"రోజూ తోముతానని నీకెవరు చెప్పారు?"

నిరుడు గొంతులో క్యాన్సరని ఆపరేషన్ చేశారు. మాట పోయింది. తిరిగొచ్చిన మర్నాడు తెల్లారగానే గట్టెక్కి చెయ్యి చాచాడు. పెదాలు పద్యమంతా పలికాయి. మెడలో పెట్టిన గొట్టంలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రాగం లాగాల్సినంతసేపూ లాగి, నా వంక చూశాడు.

ఊరందరినీ ఆటపట్టించే నేను వంగి మేత బస్తా మూతి విప్పసాగాను. ఆయన "వన్స్ మోర్" కోసం కాసేపు ఎదురుచూసి, చెయ్యి దించి, మేత చల్లడానికి వెళ్ళిపోయాడు.