మిరపకాయల లారీ పోయాక

అద్దంకి రోడ్డు మీద టీ బంకు దగ్గర మధ్యాహ్నం పూట ముగ్గురం కూర్చుంటాం. ముగ్గురమూ లారీలు తోలి, వయసు మళ్లి మానేసినవాళ్లమే. కళ్లు మూసుకుని, పోయే బండ్ల చప్పుడు వింటూ పాత లారీలను తలుచుకుంటాం. నా బండిది చెక్క క్యాబిన్. ఇంజను నా పక్కనే ఉండేది. గుంటూరులో దాని మూత మీద తడి తువ్వాలు ఆరేస్తే చిలకలూరిపేట వచ్చేసరికి ఆరిపోయేది. ఇప్పటివాళ్లు ఏసీలో కూర్చుని తోలుతున్నారు. అదీ ఒక తోలడమేనా!

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, లారీకి ఎక్కిస్తుంటే దారినపోయేవాళ్లంతా తుమ్మేవాళ్లు. మేం మాత్రం ఆ టిక్కీల మీదే పడుకుని హాయిగా నిద్రపోయేవాళ్లం. డ్రైవరన్నవాడు మిరప ఘాటుకి తుమ్మడమేంటని మాకో పొగరు.

నిన్న అలాగే కళ్లు మూసుకుని ఉంటే మిరపకాయల లారీ ఒకటి పోయింది. ఆ వాసనకి పాత క్యాబిన్‌లో కూర్చున్నట్టే అనిపించింది. ఎడమ చేయి గేరు కోసం గాల్లో వెతికింది. అంతలో తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరసగా నాలుగు.

పక్కనున్న స్నేహితుడు కళ్లు తెరిచి నావైపు చూశాడు.

"ఏరా, బండి దిగినట్టేనా ఇక?" అన్నాడు.

స్టీరింగు వదిలి తొమ్మిదేళ్లయింది. బండి దిగింది మాత్రం నిన్ననే.