మహేందర్ చుట్టరికాలు

ఆదివారం ఉదయం ఆరింటికి కోకాపేట టవర్ల దగ్గర హెల్మెట్ బిగించుకునే మహేందర్‌కు నలభై ఐదేళ్లు. కాస్త పొట్ట, గట్టి గొంతు. ఐటీ ఉద్యోగులను సైకిళ్ల మీద శంకర్‌పల్లి వైపు ఊళ్లకు తీసుకెళ్లి చూపించడం అతని పని. ఆ ఊళ్లలో అతనికి చుట్టాలెవరూ లేరు. అయినా కనిపించిన ప్రతి ముసలామెనూ అత్తా అని, ప్రతి ముసలాయననూ మామా అని పలకరిస్తాడు. అలా పిలిస్తే "ఎవలింటికి?" అని ఎవరూ ఆపరు. వెనకొచ్చేవాళ్లు ఊరంతా ఇతని బంధువులేనని మురిసిపోతారు.

పోయిన ఆదివారం పన్నెండుమందితో ఒక ఊళ్లోంచి వెళ్తుంటే నర్సమ్మ అనే ముసలామె దారికి అడ్డంగా నిలబడింది.

"ఆర్నెల్ల సంది అత్తా అత్తా అనుకుంట పోతున్నవ్. జర ఈ గడ్డిమోపు ఇంటికాడ ఏసిపో, అల్లుడా."

"టైం లేదత్తా."

"అత్తకు లేని టైం ఎవలికున్నది?"

తొమ్మిదిలోపు అందరినీ తిరిగి చేర్చకపోతే పనిలోంచి తీసేస్తానని టూర్ కంపెనీ యజమాని అప్పటికే చెప్పి ఉన్నాడు. నర్సమ్మను కాదంటే ఈ ఊళ్లో దారి మూసుకుపోతుంది. గేర్ల సైకిల్‌కు క్యారియర్ ఉండదు. మహేందర్ హెల్మెట్ మీదే మోపు పెట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ బయల్దేరాడు.

"ఇది కూడా టూర్‌లో ఉందా అండి?" అని వెనకొచ్చేవాళ్లలో హర్షిణి అనే అమ్మాయి అడిగింది.

"ఉంది మేడం," అన్నాడు గడ్డిలోంచి.

అందరూ తలా పది అడుగులు మోసి ఫొటోలు దిగారు. అరగంట ఆలస్యమైనా ఐదేసి స్టార్లు ఇచ్చారు. యజమాని గడ్డిమోపును టూర్ జాబితాలో చేర్చాడు.

ఈ ఆదివారం వెళ్లేసరికి నర్సమ్మ పన్నెండు మోపులు కట్టి వరసగా పెట్టింది. మహేందర్ వెనకొచ్చిన సైకిళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది, పదకొండే తేలాయి.

"ఒకలు తక్కువొచ్చిండ్రేంది, అల్లుడా?"