స్కోపుకి లేసు ముసుగు

నోటితో నేను చాలామందిని పడగొట్టాను. తుపాకీతో మాత్రం ఒక్కదాన్నే. ఏం పడిందో చివర్లో చెబుతాను. నా పరువేనని ఊహించుకోకండి, అది అంతకుముందే పోయింది.

మా నరసాపురంలో ఎయిర్ రైఫిల్ క్లబ్బు పెడితే, కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేనూ వెళ్లి చేరాను. రాజమండ్రి పోటీకి వెళ్లే మహిళల జట్టులో ఒక్క చోటు మిగిలింది. అది నాదేనని ఊరంతా చెప్పేశాను. గురి కుదరకముందే చాటింపు వేయడం నా అలవాటు.

ఆ ఊపులోనే ఒక స్కోపు కొన్నాను. అంటే, గురి చూసుకోవడానికి తుపాకీ మీద బిగించే బుల్లి దుర్భిణి. కోచ్ సుబ్బరాజు గారు తానే బిగించి పెడతానంటే వద్దన్నాను. వీడియో చూసిన మనిషికి కోచ్ ఎందుకండీ?

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త వస్తువు గడప దాటిందంటే మా అత్తయ్యగారు అల్లిన లేసు తొడుగు దాని మీద పడాల్సిందే. మా గ్యాస్ బండ కూడా పెళ్లికూతురిలా ఉంటుంది. ఆవిడ ముచ్చటపడి స్కోపుకీ ఒకటి అల్లారు. నేను ముందు దాన్ని తొడిగి, తర్వాత స్కోపు బిగించాను. గురి చూసేటప్పుడు మేలిముసుగులా పైకెత్తుకుంటే సరి.

మొదటి గుండు టార్గెట్ మీదుగా ఎగిరిపోయింది. ఎత్తు సరిచేసే డయల్‌ని కిందికి తిప్పాను. మళ్లీ పైకే. టిక్కు టిక్కుమంటూ తిరిగి తిరిగి చివరికి డయల్ ఆగిపోయింది కానీ, గుండు మాత్రం దేవుడికి అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నట్టు పైపైకే పోతోంది. గుండ్లను తిట్టాను, సముద్రపు గాలిని తిట్టాను, ఆఖరికి స్కోపు అమ్మిన కుర్రాడికి ఫోన్ చేశాను. బిగింపు ఒకసారి చూసుకోమన్నాడు పాపం.

“నా బిగింపు సంగతి నీకెందుకయ్యా, నీ సరుకు సంగతి చెప్పు” అని పెట్టేశాను. కోచ్ గారికి చూపించమని నెమ్మదిగా సలహా ఇచ్చిన మావారికి ఆ పూట కూరలో ఉప్పు పడలేదు.

ఎంపిక రోజున, తన లేసుని నలుగురూ చూస్తారని అత్తయ్యగారు కూడా వచ్చారు. ఇక గతిలేక తుపాకీని సుబ్బరాజు గారి చేతిలో పెట్టాను. ఆయన వెనక బిగింపు విప్పారు. లోపల అప్పడంలా నలిగిన లేసు అంచు.

“ఇదేంటండి, మేడమ్ గారూ?”

“లేసండి.”

“పైన అందానికి సరేనండి. కింద ఎందుకండి?”

ఆయనే విడమరిచి చెప్పారు. ఆ మడత వల్ల స్కోపు వెనక భాగం పైకి లేచి, కన్ను కిందికీ గొట్టం పైకీ చూస్తున్నాయట. అత్తయ్యగారు మాత్రం లేసుని వెలుగులో పట్టి చూసుకున్నారు.

“అంత నొక్కేసినా ఒక్క పోగు తెగలేదు, చూశారా రాజుగారూ” అన్నారు.

ఆయన స్కోపుని తిన్నగా బిగించి ఇచ్చారు. “డయల్ మధ్యకి తెచ్చుకుని, ముందు రెండు గుండ్లు ఉత్తినే కాల్చి చూసుకోండి. తొందరేం లేదండి.”

“దొంగ దొరికాక ఇంకా విచారణ ఎందుకండీ?” అని గురిపెట్టేశాను.

డయల్ పూర్తిగా కిందికి తిప్పి ఉందని మీకు గుర్తుంది. నాకు లేదు. గుండు టార్గెట్‌కి బాగా కింద, దాని స్టాండుకి ఊతంగా ఆనించిన వెదురుబద్దకి తగిలింది. స్టాండు కాసేపు ఆలోచించి, నాకు సాష్టాంగ నమస్కారం చేసింది.

జట్టులో చోటు వేరే ఆవిడకి వెళ్లిపోయింది. నేనేమో తల దించుకుని తుపాకీని సంచిలో పెడుతున్నాను. అత్తయ్యగారు నా వీపు మీద చెయ్యి వేసి, “పోన్లే అమ్మాయ్, మిగతావాళ్లు కాగితానికి చిల్లులు పెట్టారంతే. మొత్తం పడేసింది నువ్వొక్కదానివే” అన్నారు.

ద్రాక్షారామం భీమేశ్వరుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పరికరానికైనా ముందు బిగింపు, తర్వాతే ముస్తాబు. అత్తయ్యగారు ఇప్పుడు కోచ్ గారి స్కోపుకి కొలతలు తీసుకుంటున్నారు. ఆ తుపాకీ ఛాయలకి కూడా నేను వెళ్లను.