ఈరప్ప మామ పేరు పెట్టని కుక్క

ఈరప్ప మామ నన్ను మొదటిసారి తిట్టింది ఒక రొట్టెముక్క గురించి. పత్తికొండకు ఇవతల మా పొలం. ఏటా శెనక్కాయ పీకేశాక ఆయన తన గొర్రెల మందను మా చేన్లోనే నిలుపుతాడు. మంద పడుకున్న నేలకు వేరే ఎరువు అక్కర్లేదు. ఆ రోజు సద్ది తింటూ, గొర్రెల మధ్య తిరుగుతున్న కుక్కపిల్లకు ఇంత జొన్నరొట్టె విసిరాను. మామ కట్టె పట్టుకుని వచ్చి ఆ ముక్కను దూరంగా తోసేశాడు.

"ఏం పాపా, కుక్కను చెరుపుతాండావా? నీ చేతి కూడు తింటే అది నీ ఎంట వస్తాది. అప్పుడు గొర్రెలకాడ ఎవురుంటారు, నువ్వుంటావా?"

నాకు ఒళ్లు మండింది. నా చేన్లో నిలబడి నన్నే అంటావా అని నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆయన చెవిన వేసుకోలేదు.

తర్వాత ఆయన భార్య మద్దమ్మ అత్త సంగతి చెప్పింది. మా గుట్టల్లో తోడేళ్లు ఉన్నాయి. వాటికి ఎదురు నిలిచే కుక్కను పెంచడంలో మామకు చుట్టుపక్కల పేరు. కళ్లు తెరవని పిల్లను తెచ్చి, ఈనిన గొర్రె పాలు దాని ఒళ్లంతా పూసి, ఆ గొర్రె పక్కనే పడుకోబెడతాడు. గొర్రె దాన్ని తన పిల్లే అనుకుని నాకుతుంది, పాలిస్తుంది. ఇక అది గొర్రెపిల్లల మీద పడి నిద్రపోతూ పెరుగుతుంది. సంగటి దొడ్డిలోనే పెట్టి మాట్లాడకుండా వచ్చేయాలి. నిమరకూడదు, ఆడించకూడదు. పేరు కూడా పెట్టకూడదు. పేరుంటే పిలుస్తాం, పిలిస్తే మన దగ్గరికొస్తుంది.

"పెండ్లయి ఇన్నేండ్లయినా నన్నే ఒక్కనాడు పేరు పెట్టి పిల్సలేదు, ఇంగ కుక్కను పిలుస్తాడా!" అని అత్త నవ్వింది.

అంతకుముందున్న ముసలి కుక్క తోడేలు కాటుతో పోయింది. దాని తర్వాత తెచ్చిన పిల్లల్లో బతికి బట్టకట్టింది ఇదొక్కటే. మామ కొడుకు బీరలింగ అందరిలా బెంగళూరు కూలికి పోకుండా ఈ మందనే నమ్ముకున్నాడు. మంద నిలవాలంటే ఈ కుక్క నిలవాలి. అందుకే మామ ఊరందరినీ దాని దరిదాపులకు రానివ్వలేదు. అది మట్టిరంగులో, బలమైన మెడతో ఏపుగా పెరిగింది. తోడేలు గొంతు పట్టకుండా దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ కట్టారు.

మరుసటేడు మంద మళ్లీ మా చేన్లో ఉన్నప్పుడు, ఒకరోజు నేను టమోటా బాక్సులు వేసుకుని మార్కెట్‌కు పోతుంటే, కళ్లు చూపించుకోవాలని మామ కూడా ఆటో ఎక్కాడు. ఆటో తారురోడ్డు ఎక్కుతుండగా వెనక నుంచి కుక్క పరిగెత్తుకొస్తోంది. మామ తల బయట పెట్టి అరిచాడు.

"ఒరే బుడ్డోడా! ఎనక్కి పోరా! పోరా నాయనా!"

"బుడ్డోడెవరు మామా?" అన్నాను.

ఆయన ఆటో ఆపించాడు. ఆటో ఆగడమే ఆలస్యం, కుక్క నా టమోటాల మీదుగా లోపలికి దూకి ఆయన తొడ మీద తల పెట్టింది. ఆయన చెయ్యి తనంతట తానే దాని చెవి వెనక్కి పోయి గోకసాగింది. అది కొత్తగా గోకే చెయ్యి కాదని నాకు తెలిసిపోయింది. రొట్టెముక్క సంగతి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆయన ముఖం చూసి మింగేశాను.

"పిల్లప్పుడు దీనికి వాంతులు, భేదులు తగులుకున్యాయి పాపా. తక్కినవన్నీ సచ్చిపాయ. సలికి వణుకుతాంటే కంబళిలో ఏసుకోని రొమ్ముకు అదుముకొన్యా. బతికినాది. బతికినాంక కిందికి దించల్ల గదా? నాకు శాతకాలేదు."

దాన్ని కిందికి దించి మంద వైపు తోలాడు. అది చేను దారి పట్టడం చూసి మేం బయల్దేరాం.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అది దించిన చోటే, రోడ్డు పక్కన కూర్చుని ఉంది. ఆయన్ను చూసి తోక ఊపుతూ ఎదురొచ్చింది. మామ తల పట్టుకున్నాడు. అప్పటికే చేను వైపు నుంచి బీరలింగ కేకలు వినిపిస్తున్నాయి.

మునిమాపున మంద మీద తోడేళ్లు పడ్డాయి. ఆ కుక్కకు పాలిచ్చిన గొర్రె గొంతు తెగి పడి ఉంది. దాని ఈ ఏటి పిల్ల కనిపించలేదు. కుక్క వెళ్లి ఆ గొర్రెను వాసన చూసి, పక్కనే పడుకుంది. బీరలింగకు కోపం ఆగలేదు.

"దీన్ని ఎవురికన్నా ఇచ్చేస్తాం నాయనా. మనుసులెంట పొయ్యే కుక్క మనకేటికి?"

మామ ఆ గొర్రె దగ్గర కూలబడ్డాడు.

"కుక్క ఏం జేసెరా? తప్పు నాది. నేనుంటే అది నా ఎనకాలే తిరుగుతాది. నేను లేకుంటే గొర్రెలు తప్ప దానికింగెవురుండారు? అది యాడికీ పోవద్దు. నేనే పోతా."

తన వాసనకు కుక్క వెతుక్కుంటుందని కంబళినీ, చెప్పుల్నీ, కట్టెనూ తీసుకుని ఊళ్లో ఇంటికి వెళ్లిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల మధ్య పడుకున్న మనిషి మిద్దె కింద మంచం వేసుకున్నాడు. నిద్ర పట్టడం లేదని ముఖం చూస్తేనే తెలిసేది. నేను చేను నుంచి వచ్చేసరికి మా వాకిట్లో నిలబడి ఉండేవాడు.

"తిన్యాదా?"

మొదట్లో అది తినలేదు. ఊరి దిక్కు చూసి ఏడ్చేది. బీరలింగ దాన్ని దొడ్డిలో కట్టేశాడు. ఆ మాట చెప్తే మామ వీధి చివరిదాకా వెళ్లి, అక్కడే కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు. నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఒక్కసారి పోయి చూసిరా మామా, కొంప మునగదు."

"నాకు సూడాలనే ఉండాది పాపా. దానికి మల్లా మొదటికొస్తాది."

తర్వాత తర్వాత అది సంగటి తిన్నది. తాడు విప్పినా మందలోనే ఉంటోందని, గొర్రెపిల్లలు దాని మీదెక్కి తొక్కుతున్నాయని అత్త చెప్పింది. అయినా మామ చేను వైపు రాలేదు.

వేసవిలో మంద నందికొట్కూరు దిక్కు, వరి కోసిన మళ్లకు బయల్దేరింది. దారి మామ ఇంటి ముందునుంచే. ఉదయం గొర్రెల మెడగంటలు వినగానే ఆయన లోపలికి పోయి తలుపు గడియ వేసుకున్నాడు. దగ్గు వస్తుందేమోనని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. నేను ఆయన ఇంటి మెట్టు మీద కూర్చున్నాను.

గొర్రెలు వీధి నిండా దుమ్ము లేపుకుంటూ పోయాయి. వాటి చివర కుక్క వచ్చింది. తలుపు ముందు ఆగింది. మెట్టెక్కి, నన్ను దాటి, తలుపు సందులో ముక్కు పెట్టింది. దాని తోక మెల్లగా కదిలింది. అంతలో ముందు ఒక గొర్రెపిల్ల మురుక్కాలవలో జారిపడి అరిచింది. కుక్క చెవులు అటు తిరిగాయి. ఒక్క దూకులో వెళ్లి, ఆ పిల్లను బీరలింగ పైకి తీసేదాకా అక్కడే నిలబడి, మందతోపాటు మలుపు తిరిగిపోయింది.

"పోయినాదా?" అని లోపలినుంచి అడిగాడు మామ.

"పోయింది మామా. గొర్రెపిల్ల అరిస్తే పోయింది."

"ఎనక్కి తిరిగి సూసినాదా?"

"లేదు."

గడియ తీసి బయటికొచ్చాడు. ముఖమంతా తడిసిపోయి ఉంది.

"మంచి కుక్క పాపా" అన్నాడు. "శానా మంచి కుక్క."