పాలు ఏదో కొద్దిగా

నా మొదటి కాన్పు కామారెడ్డిలో తల్లిగారింట్లో అయింది. ఆడపిల్ల. అప్పటికి నాకు పదహారు దాటాయి. యుద్ధం మొదలై దీపాలకు గ్యాసునూనె దొరకడం కష్టమవుతున్న రోజులు. మూడో నెల నిండాక నన్నూ పిల్లనూ ఎల్లారెడ్డికి, అత్తగారింటికి పంపుతూ మా అవ్వ చీరెతోపాటు ఒక మాట కూడా మూటగట్టి ఇచ్చింది.

"పాలు ఎట్లున్నయని ఎవలన్న అడిగితె ఏదో కొద్దిగ పడుతున్నయని చెప్పు. నిండ ఉన్నయని నోట అనకు. నరుడి కంటికి నల్లరాయి గూడ పలుగుతది."

"అత్త అడిగితెనో?"

"అత్త మనిషి కాదా?" అంది మా అవ్వ.

ఆ జవాబు నాకు బాగా నచ్చింది. అత్తను అనుమానించమని కన్నతల్లే చెబితే నచ్చని కోడలు ఎవరుంటారు? అయినా మా అవ్వ కొత్తగా కనిపెట్టిన మాట కాదది. పాలిచ్చే తల్లులందరూ అప్పట్లో అలాగే చెప్పేవాళ్ళు. ఇల్లంతా వడ్ల బస్తాలు పేర్చుకున్న వాడు కూడా "ఏదో ఇంత పండింది" అనే కాలం. ఉన్నది ఉన్నట్టు చెబితే పోతుందని అందరికీ భయం.

మా అత్త పొడుగు మనిషి. నాట్లు వేసీ కలుపు తీసీ చేతులు మొద్దుబారాయి, మాట మాత్రం తక్కువ. మామ లేడు. నలుగురిని కంటే ఇద్దరు మిగిలారు, భిక్నూరులో ఉన్న మా ఆడబిడ్డ, మా ఆయన. మిగతా ఇద్దరూ చంటిపిల్లలుగానే, పాలు తాగే వయసులోనే పోయారని పక్కింటివాళ్ళు చెబితే విన్నాను. ఆమె నోట ఎన్నడూ వినలేదు.

బండి దిగగానే కాళ్ళకు నీళ్ళు కూడా ఇవ్వకుండా పిల్లను అందుకుంది. చాలాసేపు దాని మొహమే చూసి, "పాలు మంచిగున్నయా బిడ్డా?" అని అడిగింది.

"ఏదో కొద్దిగ, అత్తా."

ఆమె మొహం చిన్నబోయింది. అవ్వ చెప్పినట్టు చెప్పానని నేను లోలోపల మురిసిపోయాను. అప్పటి నా తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు ఒళ్ళు మండుతుంది.

వారం తిరగకుండానే ఏడుపు మొదలైంది. పిల్ల ఒడిలోకి తీసుకోగానే ఆత్రంగా అందుకునేది. రెండు గుక్కలు మింగేది. అంతలో దగ్గు, కళ్ళు పెద్దవయ్యేవి, ముక్కులోంచి పాలు వచ్చేవి. ఆ తర్వాత నన్ను తోసేసి, ఒళ్ళు వెనక్కి విరుచుకుని, వాడకట్టంతా వినిపించేలా కేకలు. ఏడ్చే బిడ్డకే పాలు అంటారు. మా ఇంట్లో పాలిస్తేనే ఏడ్చేది.

అత్త ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. వాము నీళ్ళు పట్టింది. ఆముదం గోరువెచ్చగా చేసి పొట్టకు రాసింది. ఏదీ పనిచేయలేదు. చివరికి, "పాలు సాలక ఏడుస్తున్నది, వట్టి రొమ్ము గుంజుతున్నది" అని తేల్చింది. అనదా మరి? కొద్దిగా అని చెప్పింది నేనే కదా.

ఇక తిండి మొదలైంది. పొద్దున మెంతుల గంజి, మధ్యాహ్నం పిడికెడు వెల్లుల్లి వేసిన కూర, గసగసాలు, పాత బెల్లం. తాను జొన్న గట్క తిని లేచి, ఇంట్లో ఉన్న నెయ్యంతా నా కంచంలో వేసేది. "తిను బిడ్డా, పాలు పడుతయి" అని ఎదురుగా కూర్చునేది. పాలు పడ్డాయి. రవికెలు తడిసి ముద్దయ్యేవి. ఎవరూ చూడకుండా పిండి గడ్డివాము వెనక ఆరేసుకునేదాన్ని. నేను ఎంత తింటే పిల్ల అంత ఏడ్చేది. రానురాను రొమ్ము దగ్గరికి తీసుకోగానే మొహం తిప్పుకోవడం నేర్చింది. బుగ్గలు తగ్గాయి.

అత్తకు నిజం చెప్పి ఉండొచ్చు. కానీ నిండా ఉన్నాయని నోట అంటే ఆ ఉన్నవి కూడా ఎండిపోతాయని భయం. పైగా ఒక అబద్ధాన్ని నెత్తికెత్తుకున్నాక దాన్ని దించుకునే చోటు దొరకదు. నా పిల్లకు నేనంటే గిట్టదని నమ్మేశాను. అది నిద్రపోతుంటే పాదాలు ముట్టుకుని చూసేదాన్ని. మెలకువగా ఉంటే ముట్టుకోవడానికి భయపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్త నెమ్మదిగా చెప్పింది. "దీన్ని భిక్నూరుకు తీసుకపోత. నీ ఆడిబిడ్డ పిలగానికి నాలుగు నెలలు. ఇద్దరికి సాలేటన్ని పాలున్నయి దానికి. నువ్వు రాకు. నువ్వుంటె నీ వాసనకు ఇది దాని పాలు ముట్టది. నాలుగైదు నెలలు పోనీ. బతికుంటె నీ బిడ్డ నీ దగ్గరికే వస్తది."

బతికుంటే అన్న మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత ఆమె ఏమందో వినలేదు. మా ఆయనను అడిగితే, "మా అవ్వకు తెలువదా?" అని బండికి గూడు కట్టే పనిలో పడ్డాడు.

బయలుదేరే పొద్దున అత్త ఉగ్గుగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. చీపురు పుల్ల మీద ఒక చీమను పట్టుకొచ్చింది. తల్లిపాలలో చీమను వేస్తే అది బతికి పాకాలి. చస్తే ఆ పాలు చెడ్డవి, ఆ తల్లి రొమ్ము బిడ్డకు మళ్ళీ ఇవ్వకూడదు. అంటే నా పిల్ల నా దగ్గరికి తిరిగి రావడం సంగతి కూడా ఆ చీమ చేతిలో ఉంది.

"నాలుగు సుక్కలు సాలు," అంది అత్త.

గోడవైపు తిరిగాను. పిల్ల ఆమె ఒడిలో గుక్కపట్టి ఏడుస్తోంది. దాని ఏడుపు వింటే నాకు పాలు వాటంతటవే దిగేవి. అలా వేళ్ళు ఆనించానో లేదో ధార వచ్చి గిన్నెకు ఠంగున తగిలింది. నాలుగు చుక్కలు కాదు, గిన్నె నిండింది, పొర్లింది, రెండోవైపు రవికె తడిసి నేల మీద కారింది. ఆపుదామంటే ఆగలేదు. వెనక్కి చూస్తే అత్త చూస్తోంది. చీమ పుల్ల దిగి ఆమె చేతిమీదుగా ఎటో వెళ్ళిపోయింది.

"గిన్ని పాలు యాడియి?" అంది.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ మాట, రవికెలు, గడ్డివాము, అన్నీ. కొడుతుందనుకున్నాను. ఆమె పొర్లుతున్న గిన్నెనూ పిల్ల మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"తక్కువై ఏడుస్తలేదు ఇది. ఎక్కువై ఏడుస్తున్నది. దార గొంతుల కొట్టి ఊపిరాడ్తలేదు."

ఇంకో గిన్నె పెట్టి ధార సన్నబడేదాకా పిండించింది. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పిల్లను నా మీద బోర్లా పడుకోబెట్టింది. మా అవ్వ ఇంట్లో నేను మంచం మీద పడుకునే పాలిచ్చేదాన్ని. ఇక్కడ పట్టపగలు కోడలు నడుం వాలిస్తే బాగుండదని నిటారుగా కూర్చుని ఇస్తున్నాను. అది కూడా ఆ రోజే తట్టింది. పిల్ల రెండు గుక్కలు మింగి ఆగింది. మూడో గుక్క మింగింది. తర్వాత లెక్కపెట్టలేదు. బిగించిన పిడికిలి నా ఛాతీ మీద మెల్లగా విచ్చుకుంది. ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు.

"పొద్దెక్కుతున్నది," అని బయటనుంచి మా ఆయన పిలిచాడు.

"ఎడ్లను ఇప్పు," అంది అత్త లేవకుండానే.

మంచం పట్టె దగ్గర కూలబడి పిల్ల పాదం మీద చెయ్యి వేసింది.

"నేను గూడ అందరికి కొద్దిగనే అని చెప్పిన," అంది. "పోయిన ఆ ఇద్దరు గూడ గిట్లనే ఇరుసుకోని ఏడ్సేటోళ్లు. మా అత్త నా రొమ్ము మానిపించి మేకపాలు పట్టించింది."

ఆమె ఏమి అడుగుతోందో నాకు అర్థమైంది. పిల్ల తాగుతూనే ఉంది.

"వాళ్లది ఏరే ఏదో రోగం అత్తా. పాలకు కాదు," అన్నాను.

"నీకెట్ల తెలుసు? నువ్వప్పటికి పుట్టనే లేవు."

కోపం లేదు ఆ గొంతులో. పైటకొంగుతో పిల్ల మూతి తుడిచింది. తుడిచాక కూడా చెయ్యి తీయలేదు.

"ఇంకొక్కసారి అను బిడ్డా," అంది.

అన్నాను.