నిర్మాల్యం కింద పురుగులు

మా పెరట్లో ఉన్నది ఒక్కటే కొబ్బరిచెట్టు. మావారు తాడేపల్లిగూడెంలో చిన్న గుడికి అర్చకులు. దేవుడి మీంచి తీసిన పూలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని రోజూ సంచిలో ఇంటికి తెచ్చి, ఆ చెట్టు మొదట్లో పోసేవారు. ఆయన పోయాక ఆ పని నేను అందుకున్నాను. కొత్త అర్చకులు కాదనలేదు, వారికి రుణపడి ఉంటాను. ఆ సంచి కోసం వెళ్లినప్పుడే రోజుకొక్కసారైనా మనిషితో మాట్లాడేది.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. నిర్మాల్యం తొక్కరాదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అది కుప్పపడి కుళ్లితే ఏమవుతుందో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కిందటేడు వానల్లో చెట్టు నడిమి ఆకు, మొవ్వు అంటారు, పక్కకి వాలిపోయింది. కాయలు దింపడానికి గణపవరం నుంచి వచ్చే అతనికి ఫోన్ చేశాను. ఎక్కి, పట్టుకుని లాగితే మొవ్వు చేతిలోకి ఊడివచ్చింది. కుళ్లు వాసన నా దాకా వచ్చింది.

అతను దిగి, చెట్టు మొదట్లో పూలకుప్పను కత్తిమొనతో కెలికాడు. బొటనవేలంత లావు తెల్లటి పురుగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"కొమ్ముపురుగు పిల్లలండి ఇయ్యి. పెద్దయ్యాక పైకెగిరి మొవ్వు తొలుత్తాయండి. ఆ బొక్కలో వాననీళ్లు దిగి బూజు పట్టిందండి."

"ఇవన్నీ దేవుడి పూలయ్యా."

"పూలు దేవుడికేనండి. భోజనం మటుకు ఈళ్లకెట్టేరండి మీరు."

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"చెట్టు బతుకుతుందా?"

"మొవ్వు ఒక్కటే ఉంటదండి దీనికి. మళ్లీ లేత్తే లేచినట్టండి. లేదంటే కొట్టెయ్యడవేనండి."

అతనే కుళ్లు గీకేసి, నీలంరంగు మందు పూసి, పైన ప్లాస్టిక్ గుడ్డ కట్టాడు. మర్నాడు ఉద్యానశాఖ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి ఒక పొడి ఇచ్చి కుప్పలో కలపమంది. "ఇదీ బూజేనండీ, ఆ పురుగులకి పట్టి చంపేస్తుంది" అంది. చెట్టుని చంపేదీ బూజే, కాపాడేదీ బూజే. ఆ పిల్ల చల్లగా ఉండాలి, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ఆ తరవాత మూడు నెలలు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లో నిలబడి పైకి చూడడమే పని. కొల్లేరు వైపు కొంగలు పోయేవి. ఆయన పెంచిన చెట్టును ఆయన పద్ధతిలోనే చంపుకున్నానా అనిపించేది. ఆ మాట అనడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కార్తీకం దాటాక సన్నటి ఆకుపచ్చ మొన లేచింది. అది విచ్చుకుంటే, కత్తెరతో కోసినట్టు అటూ ఇటూ గాట్లు. గణపవరం అతనికి మళ్లీ ఫోన్ చేశాను.

"అది పాత కాటండి. ముడుచుకుని ఉన్నప్పుడు తిన్నది ఇప్పుడు కనపడతందండి. తరవాతాకు సూడండి, కంగారు పడమాకండి."

తరవాతి ఆకు ఏ గాటూ లేకుండా విచ్చింది.

ఇప్పుడు పూలను కుప్పపోయను. మేడ మీద గుడ్డ పరిచి పలచగా ఎండబెడతాను. అక్కడ నిలబడితే ఆ ఆకు నా తల ఎత్తులోకి వస్తుంది. "ఏవండీ, నిండుగా వచ్చింది చూశారా" అని పైకే అన్నాను మొన్న. అని, పూలు తిరగేసి, కిందికి వచ్చి నా ఒక్కదానికీ అన్నం వండుకున్నాను.