టిక్ కొట్టిన వేలు

భివండిలోని టెంఘర్‌లో మాకు ఎనిమిది మరమగ్గాల కార్ఖానా ఉంది. చేయాల్సిన పనుల జాబితా ఆఫీసు కంప్యూటర్లో, నా ఫోన్లో, మా ఆయన ఫోన్లో ఒకటే. ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుంది. పని అయిందని టిక్ కొట్టేదాకా ఫోన్ మోగి గుర్తుచేస్తూనే ఉంటుంది. నాలుగో మగ్గం స్విచ్ షాక్ కొడుతోందని, కరెంటు ఉండని శుక్రవారం వైర్‌మన్‌ని పిలిపించాలని నేనే అందులో రాశాను.

శుక్రవారం సాయంత్రం చూస్తే ఆ పనికి టిక్ పడి ఉంది. శనివారం పొద్దున ధీమాగా స్విచ్ వేశాను. చెయ్యి భుజం దాకా గుంజేసింది. ఎగిరి నూలు బస్తాల మీద పడ్డాను.

"వైర్‌మన్ రాలేదా ఏంది?" అని అరిచాను.

"రాలే. ఫోను ఊకె మోగుతుంటే టిక్ కొట్టిన. ఏమైతది, మళ్ల రాస్త" అంటూ మా ఆయన ఫోన్ తీశాడు.

నేనింకా బస్తాల మీద నుంచి లేవనే లేదు. ఈయనకు ఫోనే కనిపించింది! ఒళ్లు మండిపోయింది.

"ముందుగాల ఆ స్విచ్ మీద చెయ్యి పెట్టు, తర్వాత రాస్తువు" అన్నాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. టిక్ కొట్టినప్పుడు ఆ వేలికి ఈ భయం లేదు.

ఇప్పుడు మా జాబితాలో కరెంటు పనికి టిక్ పడాలంటే, ముందు ఆయన చెయ్యే స్విచ్ మీద పడాలి.